లాల్‌బాగ్ గులాబీ కంటే ఖాళీ సైటు గడ్డిచామంతే నయం

జనవరి 26కీ, ఆగస్టు 15కీ లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన పెడతారు. 1889లో కట్టిన గాజుమేడ నిండా పూలు, పూలకంటే ఎక్కువగా కెమెరాలు. చిన్నవాటిని దగ్గరినుంచి పెద్దగా తీసే మాక్రో లెన్సు కొన్న బెంగళూరు తెలుగువాళ్ళలో చాలామంది మొట్టమొదట పరుగెత్తేది అక్కడికే. పూవు ఒక్కటే కావాలంటే ఆ పరుగు వృథా కాదు. పూవు మీద పురుగు కూడా కావాలంటే మాత్రం అంత గొడ్డుపోయిన చోటు ఊళ్ళో ఇంకోటి లేదు.

తప్పు జనానిది కాదు, పూలదే. అక్కడికి తెచ్చే గులాబీ, డాలియా, బంతి చాలావరకు ముద్దపూలు. ముద్ద గులాబీలో అదనంగా కనిపించే రేకులు ఎక్కడినుంచో ఊడిపడలేదు, కేసరాలే అలా మారాయి. బంతిలో, డాలియాలో నడిమి బొడ్డులో ఉండాల్సిన గొట్టం పూలు చుట్టూ ఉండే రేకుపూలుగా మారాయి. కేసరం పోతే పుప్పొడి తగ్గింది, రేకులు కిక్కిరిస్తే మకరందానికి దారి మూసుకుపోయింది. పొరపాటున తేనెటీగ వాలినా రెండు క్షణాలు తచ్చాడి లేచిపోతుంది. రెండు క్షణాల్లో ఫోకస్ దొరకదు.

ఇక రెండు అపార్ట్‌మెంట్ల మధ్య కట్టకుండా వదిలేసిన థర్టీ ఫార్టీ (30x40 అడుగుల) సైటు సంగతి చూడండి. మారతహళ్ళిలో, వైట్‌ఫీల్డ్‌లో, కె.ఆర్.పురంలో వీధికొకటైనా కనిపిస్తుంది. గడ్డిచామంతి, తుమ్మి, లాంటానా, గోడ వారగా ఒక జిల్లేడు, మిగతాదంతా వయ్యారిభామ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన ఫొటోగ్రాఫర్లకు అతికినట్టు సరిపోతుంది. నీళ్ళు పోసేవాడూ మందు కొట్టేవాడూ లేని ఆ మొక్కలు చాలావరకు పురుగుల సాయంతో కాయ కాచే రకాలు. అందుకే పురుగులు వస్తాయి. ఇంకో మేలు కూడా ఉంది. ఏ పురుగు, ఏ వేళకు, ఎంత ఎత్తులో, ఏ వైపు తిరిగి కూర్చుంటుందో మొక్కే నిర్ణయిస్తుంది. అది తెలిస్తే ఎంత అపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) పెట్టాలో, ఫ్లాష్ ఎటు తిప్పాలో దానంతటదే తేలిపోతుంది. లెన్సు గురించి బుర్ర బద్దలుకొట్టుకునేవాళ్ళు మొక్క గురించి పది నిమిషాలు ఆలోచించరు. ఈ విద్యలో జరిగే పొరపాట్లలో సగానికి పైగా అక్కడే మొదలవుతాయి.

గడ్డిచామంతినే తీసుకుందాం. మధ్య అమెరికానుంచి వచ్చి దేశమంతా పాకిన కలుపు ఇది. అంగుళంలో సగానికి కాస్త ఎక్కువ వెడల్పున్న పూవు, జానెడు సన్నటి కాడ. మనం పూవు అనేది నిజానికి పూల గుత్తి. నడుమ పసుపు బొడ్డులో డజన్ల కొద్దీ చిన్న గొట్టం పూలుంటాయి. అవి అన్నీ ఒకేసారి విచ్చుకోవు, అంచు వరసనుంచి లోపలికి వరసవారీగా విచ్చుకుంటాయి. వాలిన సీతాకోకచిలుక ఒక్కో గొట్టంలో తొండం ముంచుతూ ఆ వలయం వెంటే నెమ్మదిగా తిరుగుతుంది. అంటే ఒకే చోట పది పదిహేను సెకన్లు ఉంటుంది, పైగా తిరుగుతూ ఉంటుంది. దాని పక్క భాగం కోసం మీరు చుట్టూ తిరగనక్కర్లేదు, కదలకుండా ఉంటే అదే తిరిగి మీకు పక్క చూపిస్తుంది.

దీని మీదికి ఎక్కువగా వచ్చేవి చిటికెన వేలి గోరంత గ్రాస్ బ్లూ సీతాకోకచిలుకలు, కాస్త పెద్దవైన పసుపు రంగు గ్రాస్ ఎల్లోలు. రెండూ మేసేటప్పుడు రెక్కలు వీపు మీద మూసుకుంటాయి. మూసిన రెక్క అంటే దాదాపు చదునైన కాగితం. కెమెరా సెన్సరు ఆ కాగితానికి సమాంతరంగా ఉంటే రెక్క అంచునుంచి కన్ను వరకు అంతా ఫోకస్‌లోకి వస్తుంది. అయిదు డిగ్రీలు పక్కకు ఒరిగినా కన్ను పదునుగా, రెక్క చివర మసకగా వస్తుంది. కొత్తవాళ్ళు దీన్ని లెన్సు లోపమనుకుంటారు.

లెక్క ఒకసారి వేసుకుంటే అనుమానం తీరుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర, అంటే 36 మిల్లీమీటర్ల వస్తువు సెన్సరు వెడల్పంతా నిండే దగ్గర, అపర్చర్ ఎఫ్/11 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెడితే పదునుగా వచ్చే లోతు సుమారు 1.3 మిల్లీమీటర్లు. ఎఫ్/8 అయితే మిల్లీమీటరు కూడా లేదు. అదే సగం సైజుకు, అంటే 1:2కు వెనక్కి తగ్గితే ఎఫ్/11లో దాదాపు 4 మిల్లీమీటర్లు దొరుకుతుంది. మూడు రెట్లు! కాబట్టి గ్రాస్ బ్లూకి కూడా 1:1 దాకా ఎగబడవద్దు. 1:2లో తీసి తర్వాత కత్తిరించుకోండి. ఇప్పటి 24 మెగాపిక్సెళ్ళ సెన్సర్లకు ఆ కత్తిరింపు ఓ లెక్కలోది కాదు.

మరి ఎఫ్/22 పెట్టేస్తే పోలేదా అంటారు. పోతుంది, పదును పోతుంది. దగ్గరి ఫొటోల్లో లెన్సు మీద కనిపించే అంకె అసలు అంకె కాదు. దాన్ని ఒకటి ప్లస్ మాగ్నిఫికేషన్‌తో (1:1కి ఒకటి, 1:2కి అర) హెచ్చవేయాలి. 1:1లో ఎఫ్/11 అంటే పనిలో ఎఫ్/22, ఎఫ్/22 అంటే ఎఫ్/44. చిన్న రంధ్రంగుండా వచ్చే కాంతి చెదిరి, చుక్క పడాల్సిన చోట మచ్చ పడుతుంది. పనిలో ఎఫ్/22 దగ్గరే ఆ మచ్చ 0.03 మిల్లీమీటర్లకు చేరుతుంది. అక్కడినుంచి ఇంకా బిగిస్తే లోతు పెరిగినట్టే ఉంటుంది గాని, రెక్క మీది పొలుసులు కరిగిపోయి ముద్దగా కనిపిస్తాయి. కొన్ని కంపెనీల కెమెరాలు ఈ అసలు అంకెనే తెరమీద చూపిస్తాయి, కొన్ని చూపించవు. మీది ఏ రకమో ముందు కనుక్కోండి. ఎఫ్/2.8 లెన్సుతో 1:1 దగ్గర తెర మీద ఎఫ్/2.8 రాకుండా 5 దగ్గరో ఆ చుట్టుపక్కలో ఆగిపోతే అది అసలు అంకె చూపించే రకం.

గడ్డిచామంతితో అసలు తలనొప్పి గాలి. అంత పొడవు కాడ మీద అంత చిన్న పూవు, పక్కన బైకు వెళ్ళినా ఊగుతుంది. బెంగళూరులో జూన్, జూలై నెలల్లో నైరుతి గాలి పొద్దున తొమ్మిది దాటితే ఆగదు. ఆ రెండు నెలలూ తెల్లవారాక ఒకటిన్నర గంటే పని. ఆగస్టునుంచి నవంబరు దాకా గాలి తగ్గి, వానలకు కలుపు ఏపుగా పెరిగి, పురుగులు కూడా దండిగా ఉంటాయి. గాలికి మందు ఒక కబాబ్ పుల్ల, ఒక బట్టల క్లిప్పు. పుల్లను కాడ పక్కన నేలలో గుచ్చి, పూవుకు మూడు నాలుగు అంగుళాల కింద కాడనూ పుల్లనూ కలిపి క్లిప్పు పెట్టాలి. మరీ పైన పెడితే ఫ్రేములోకి వస్తుంది, మరీ కింద పెడితే పై కాడ ఊగుతూనే ఉంటుంది. కాడ నలగకుండా క్లిప్పు పళ్ళకు కాస్త స్పాంజి అంటించుకోండి. ఇదంతా పురుగు రాకముందే చేసుకోవాలి. వచ్చాక చేస్తే పూవు మీ ముందు మిగులుతుంది, పురుగు పక్క సైటులో ఉంటుంది.

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఆటోఫోకస్ మానేయండి. మాగ్నిఫికేషన్ ముందే ఖాయం చేసుకుని, ఫోకస్ రింగు ముట్టుకోకుండా, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుము పైభాగాన్ని మాత్రం ముందుకూ వెనక్కూ ఊపాలి. కన్ను పదునెక్కే క్షణానికి కాస్త ముందే నాలుగైదు ఫొటోల వరస మొదలుపెట్టండి. అందులో ఒకటి నిలిస్తే లాభమే.

వెలుతురు దగ్గర గట్టి తగువే ఉంది. సహజ కాంతిలో తీసిందే నిజమైన ఫొటో అనే వర్గం ఒకటుంది. ఆకు మీద ఆగిన గొంగళిపురుగుకు వాళ్ళ మాట చెల్లుతుంది. మేస్తున్న తేనెటీగకు చెల్లదు. ఎఫ్/11లో 1:1కి రెండు స్టాపుల వెలుతురు, అంటే నాలుగింట మూడొంతులు, ఎలాగూ పోతుంది. నీడపట్టున మిగిలినదానితో రెక్కను ఆపాలంటే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) పది వేలు దాటాలి, దాటితే రోమాలు గింజలుగా మారతాయి. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో 1/16 పవర్‌కు దించితే అది వెలిగే సమయం సెకనులో కొన్ని వేలవ వంతుకు తగ్గిపోతుంది. కదలికను ఆపేది షట్టరు కాదు, ఆ మెరుపు. షట్టరు 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ 1/16 దగ్గర మొదలుపెట్టి, రెండు పరీక్ష ఫొటోలు తీసి పవర్ సర్దుకోండి.

అయితే ఫ్లాష్‌ను ఉన్నదున్నట్టు వాడితే సహజ కాంతి వర్గమే గెలుస్తుంది. తుమ్మెద వీపు మీద తెల్లటి బొట్టు, మిగతాదంతా బొగ్గు. మెరిసే పురుగు అద్దం లాంటిది. అది తన మీద పడే వెలుతురునే కాదు, ఆ వెలుతురు వచ్చే కిటికీ ఆకారాన్నీ చూపిస్తుంది. కిటికీ పెద్దదిగా, దగ్గరగా ఉండాలి. ఏ4 సైజు ట్రేసింగ్ పేపరును లెన్సు మూతి మీదుగా గొడుగులా వంచి, దానికి మూడు నాలుగు సెంటీమీటర్ల వెనక రెండో పొరగా టీవీ, ఫోన్ల పెట్టెల్లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటు అమర్చండి. రెండు పొరల మధ్య ఖాళీ ముఖ్యం. పొరలు ఒకదానికొకటి అంటుకుంటే ఫ్లాష్ తల ఆకారం మధ్యలో అలాగే కనిపిస్తుంది. గొడుగు అంచు పురుగుకు పది సెంటీమీటర్ల లోపల ఉండాలి. దీనివల్ల వెలుతురు సగానికి పైగా పోతుంది కాబట్టి పవర్ 1/8కి పెంచుకోవాలి. లెన్సు ముందు కనీసం పన్నెండు పదమూడు సెంటీమీటర్ల చోటు మిగిలితేనే ఈ ఏర్పాటు సుఖంగా సాగుతుంది. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుకు ఆ చోటు ఉంటుంది, 60కి ఉండదు. మాక్రో లెన్సు లేనివాళ్ళు 55-250 మిల్లీమీటర్ల లాంటి జూమ్ ముందు రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ లెన్సు తగిలించుకోవచ్చు. జూమ్‌ను అనంతం దగ్గర ఫోకస్ చేసి 125లో పెడితే దాదాపు 1:1, 250లో 2:1, రెంటికీ ముందు చోటు సుమారు 11 సెంటీమీటర్లు.

ఫ్లాష్‌తో వచ్చే ఇంకో తెగులు నల్లటి వెనకభాగం. గొడుగునుంచి పురుగు పది సెంటీమీటర్లు, వెనక పొద మీటరు దూరం అనుకుంటే, పొద మీద పడేది పురుగు మీద పడినదాంట్లో నూరో వంతు. పట్టపగలు అర్ధరాత్రి అయిపోతుంది. కొందరు దీన్ని కళ అంటారు. పగటి పూట తేనెటీగను చీకట్లో నిలబెట్టడం నాకైతే అబద్ధంలా తోస్తుంది. ఐఎస్ఓ 800కు పెంచి, షట్టరు 1/80కి దించి, ఫ్లాష్ పవర్ ఆ మేరకు తగ్గిస్తే వెనక ఆకుపచ్చ తిరిగొస్తుంది. గాలి ఉంటే పూవు అంచు వెంట దెయ్యపు నీడ (ఊగిన పూవు మసక ఆకారం) పడుతుంది. అప్పుడు ఒక వెడల్పాటి ఆకును పూవుకు జానెడు వెనక పట్టుకోవడం సులువు.

ఇప్పుడు జిల్లేడు. వినాయక చవితి పత్రిలో అర్కపత్రమని ఏడాదికోసారి తలుచుకునే ఈ చెట్టు ఫొటోగ్రాఫరుకు ఏడాది పొడవునా పండగ. దాని పూలకు వచ్చే ముఖ్య అతిథి నల్ల తుమ్మెద. జిల్లేడు తన పుప్పొడిని పొడిగా రాల్చదు, చిన్న తిత్తులుగా జతకట్టి దాస్తుంది. మధ్యలో ఉన్న కిరీటం వైపుల్లో సన్నటి చీలికలుంటాయి. తుమ్మెద కిరీటం మీద కాలు ఊనినప్పుడు కాలి రోమమో గోరో ఆ చీలికలో జారితే, జత తిత్తులను కలిపే చిన్న కొక్కెం దానికి పట్టుకుంటుంది. కాలు లాక్కుంటే తిత్తులు కూడా వెంట వస్తాయి. బాగా తిరిగిన తుమ్మెద కాళ్ళకు పచ్చటి గింజల్లా ఇవి వేలాడుతుంటాయి. ఫొటోలో పట్టాల్సింది అదే. తుమ్మెద ముఖచిత్రాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, కాళ్ళకు పుప్పొడి తిత్తులున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

దీనికి 1:2 చాలు. ఫోకస్ కంటి మీద కాదు, కిరీటం పై అంచు మీద ముందే పెట్టుకుని కాచుకోవాలి. కాలు దిగేది అక్కడే. నలుపుకు ఆటో ఫ్లాష్ మోసపోతుంది. ఫ్రేము నిండా నల్ల తుమ్మెద కనిపించగానే వెలుతురు చాల్లేదనుకుని ఎక్కువ కొడుతుంది, పూవు తెల్లగా మాడిపోతుంది. అందుకే మాన్యువల్ ఫ్లాష్, పూవుకు సరిపడా ఎక్స్‌పోజర్. తుమ్మెదలో దాగిన వివరం రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైలు) నుంచి పైకి లాగవచ్చు, మాడిన పూవును ఎవరూ బాగుచేయలేరు. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. ముట్టుకున్న చేత్తో వ్యూఫైండర్ దగ్గర కళ్ళు నులుముకోవద్దు. ఆకు కింద తిప్పి చూస్తే నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు కనిపించే అవకాశం ఉంది. అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల.

సైటు కూడా దొరకనివాళ్ళకు వంకాయ మొక్క చెబుతాను. మిద్దె మీద ఒక కుండీ చాలు. వంగ, టమాటా పూలలో కేసరాలు గొట్టంలా మూసుకుని ఉంటాయి, పుప్పొడికి కొనలో చిల్లు మాత్రమే దారి. మామూలు తేనెటీగలకు ఈ తాళం తీయడం రాదు. నీలి పట్టీల తేనెటీగలకు వచ్చు, తుమ్మెదలకు వచ్చు. అవి పూవును కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండా లోపలి ఎగిరే కండరాలను మాత్రం వణికిస్తాయి. ఆ అదురుకు ఉప్పు డబ్బా విదిలించినట్టు పుప్పొడి రాలుతుంది. పూవు తల కిందికి వంచి ఉంటుంది కాబట్టి కెమెరా దాని కింద ఉండాలి. కుండీని పిట్టగోడ మీదికో ఎత్తు స్టూలు మీదికో చేర్చండి, లేకపోతే నేల మీద వెల్లకిలా పడుకోవాల్సిందే. కింది నుంచి చూస్తే వెనక తెల్లటి ఆకాశం వస్తుంది. మొక్క వెనక ముదురు ఆకుపచ్చ గుడ్డో పెద్ద ఆకుల కుండీయో పెట్టుకోండి. ఈగ ఒక పూవు మీద ఉండేది రెండు మూడు సెకన్లే, అందుకని చెవిని నమ్ముకోవాలి. ఎగిరేటప్పటి ఝుంకారం ఒక స్థాయిలో ఉంటుంది, పూవును కరిచి వణికినప్పుడు అది ఒక్కసారిగా పైస్థాయికి వెళుతుంది. ఆ స్వరం మారగానే నొక్కండి. రాలే పుప్పొడి కనిపించాలంటే వెలుతురు ముందునుంచి పడితే లాభం లేదు. సూర్యుడు పూవు వెనక, కాస్త పక్కగా ఉండాలి, వెనక తెర ముదురుగా ఉండాలి, ముందునుంచి ఫ్లాష్ చాలా తక్కువగా 1/64 చాలు.

వయ్యారిభామను అందరూ తిడతారు, తిట్టాల్సిందే. చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం. నిండు చేతుల చొక్కా లేకుండా ఆ పొదలోకి వెళ్ళవద్దు, ఇంటికొచ్చాక మోకాళ్ళ కింది బట్టలు విడిగా ఉతకండి. అయినా దీన్ని వదలొద్దనడానికి ఒక ఊరి కారణం ఉంది. ఈ కలుపును తినడానికని మెక్సికోనుంచి తెచ్చిన పెంకు పురుగును మన దేశంలో మొదట వదిలింది బెంగళూరులోనే, 1984లో. జొన్నగింజ కంటే కాస్త పెద్దది, మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమ వంకర గీతలు. తొలకరి వానలకు మట్టిలోంచి లేస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది, ముట్టుకుంటే తప్ప ఎగరదు. ఫోకస్ సాధనకు దీన్ని మించిన మోడల్ లేదు. గుండ్రటి వీపు కాబట్టి మీ గొడుగు ఎంత బాగుందో కూడా ఇదే చెప్పేస్తుంది.

లాంటానా గురించి ఒక్క మాట. గుత్తిలో పసుపు పూలు ఇవాళ విచ్చినవి, గులాబీవో ఎర్రవో పాతవి. వచ్చేవి ఎక్కువగా పసుపు పూలమీదే వాలతాయి. ఫోకస్ అక్కడ పెట్టుకుని ఉండండి. అన్నట్టు పసుపుతో కెమెరాకు చిక్కుంది. మామూలు హిస్టోగ్రాము (ఫొటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫు) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది గాని ఎరుపు చానెల్ అప్పటికే గోడకు కొట్టుకుని ఉంటుంది, పూవు మడతలు లేని ప్లాస్టిక్‌లా వస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రాము పెట్టుకుని ఎక్స్‌పోజర్ మూడింట రెండొంతుల స్టాపు తగ్గించండి.

ఫోన్లవాళ్ళకు చెప్పేది తక్కువే. మాక్రో మోడ్ అని రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి తీసుకెళ్ళే కెమెరాలతో పురుగు బెదురుతుంది, ఫోను నీడ పూవు మీదే పడుతుంది. దానికి బదులు రెండు మూడు రెట్ల జూమ్ లెన్సుతో జానెడు దూరం నుంచి తీసి కత్తిరించుకోండి.

మొక్కను చదవడం ఇష్టం లేనివాళ్ళు ఎంచుకునే అడ్డదారులు కూడా ఉన్నాయి. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి పూవు మీద కూర్చోబెట్టడం, స్ప్రే బాటిల్‌తో మంచు కురిపించడం. ఇవి దొరికిపోతాయి. చలికి బిగుసుకున్న పురుగు మీసాలు వాల్చేసి, కాళ్ళు కడుపు కిందికి ముడుచుకుని ఉంటుంది. మేసే పురుగు మీసాలు ముందుకు చాచి ఉంటుంది. స్ప్రే చుక్కలు పెద్దవి, పూవు మీద మాత్రమే ఉండి వెనక ఆకు పొడిగా ఉంటుంది. అసలు మంచు చిన్న చిన్న బొట్లుగా రోమం రోమానికీ పట్టి ఉంటుంది. పురుగుకు అపకారం ఒక ఎత్తయితే, ఆ పూవు దగ్గరికి ఎప్పుడూ రాని పురుగును కూర్చోబెట్టి చూసేవాడికి తప్పు పాఠం చెప్పడం ఇంకో ఎత్తు.

కదలని పురుగే కావాలంటే దానికీ మొక్కే దారి చూపిస్తుంది. నీలి పట్టీల తేనెటీగల్లో మగవి గూటికి వెళ్ళవు. పొద్దు వాలేసరికి ఎండిన గడ్డి పుల్లనో సన్నటి కాడనో వెతుక్కుని, దవడలతో కరిచి పట్టుకుని, కొన్నిసార్లు గుంపుగా వరసకట్టి నిద్రపోతాయి. సాయంత్రం ఆరు ప్రాంతంలో వంగ కుండీల చుట్టుపక్కల పుల్లలు చూసి పెట్టుకోండి. మర్నాడు ఎండ పడకముందే వెళితే అక్కడే ఉంటాయి. జనవరిలో అయితే ఆరూ ముప్పావు దాకా సూర్యుడు పైకి రాడు, తొందరేమీ లేదు. ఫ్లాష్ అక్కర్లేదు. చిన్న ట్రైపాడ్, ఎఫ్/5.6, ఐఎస్ఓ 200, షట్టరు పావు సెకను, రెండు సెకన్ల టైమరు. ఫోకస్‌ను అర మిల్లీమీటరు కంటే తక్కువ అడుగుల్లో ముందు మీసం నుంచి వెనక కాలు వరకు జరుపుతూ ఇరవై ముప్ఫై ఫొటోలు తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్లో అన్నిటినీ ఒకే ఫొటోగా కలుపుకోవచ్చు. అడుగు పెద్దదైతే కలిపాక కంటి మీద పదును, మసక పట్టీలుగా కనిపిస్తుంది. మధ్యలో గాలి వీస్తే ఆ వరస వదిలేసి మళ్ళీ మొదటినుంచి తీయాలి. ఎండ తగిలాక ఈగ ముందు పొట్ట ఆడిస్తుంది, తర్వాత కాళ్ళతో కళ్ళు తుడుచుకుంటుంది. ఆ తుడుపు మొదలయ్యేసరికి మీ వరస పూర్తయి ఉండాలి.